పాత ఎరువు చల్లే యంత్రానికి ఏ టైర్లు మేలు?

పాత మాన్యూర్ స్ప్రెడర్ చౌకగా దొరికిందని తెచ్చుకున్న రైతుకు మొదట ఎదురయ్యే చిక్కు టైర్లదే. మిర్చికీ పత్తికీ పశువుల ఎరువు తోలే వేసవి రోజుల్లో తప్ప మిగతా ఏడాదంతా ఆ యంత్రం ఎండలోనే నిలబడి ఉంటుంది కనుక, గ్రిప్పు అరగకముందే టైరు పక్కగోడలు పగుళ్లు తేలతాయి. అప్పుడు అదే సైజులో కొత్త ఇంప్లిమెంట్ టైర్లు (ట్రాక్టరు వెనక లాగే పనిముట్లకు వేసేవి) తెప్పించుకోవచ్చు, డిస్కులు (టైరు ఎక్కే ఇనుప చక్రాలు) మార్పించి ట్రాక్టరు ట్రక్కు (ట్రాలీ) టైర్లు వేయించుకోవచ్చు, పాత ట్రాక్టరు టైర్లు వెతుక్కోవచ్చు, లేదా ఉన్నవాటికే రీబటన్ (అరిగిన గ్రిప్పు మీద కొత్త రబ్బరు అతికించడం) చేయించవచ్చు. వీటిలో ఏది మేలో తేల్చుకోవాలంటే ధరలు అడిగే ముందు ఆ చక్రం ఏం పని చేస్తోందో చూడాలి.

ట్రాక్టరు ఇంజిను బలాన్ని వెనక యంత్రానికి అందించే పీటీవో షాఫ్టుతో నడిచే యంత్రంలో, ఎరువును వెనక్కి జరిపే అడుగు గొలుసూ, దాన్ని చిమ్మే పళ్ల కడ్డీలూ ఇంజిను బలంతోనే తిరుగుతాయి. చక్రాలు బరువు మోస్తే చాలు. పీటీవో లేని పాత రకాలలో, చక్రం నేల మీద దొర్లుతున్నప్పుడు పుట్టే బలమే చైను ద్వారా ఆ భాగాలన్నిటికీ అందుతుంది. కిందికి వంగి చూసినప్పుడు చక్రం దగ్గర నుంచి, లేదా దాని ఇరుసు నుంచి పళ్లచక్రమూ చైనూ బయలుదేరితే అది ఈ రెండో రకమే.

రెండో రకానికి అదే సైజు, గ్రిప్పున్న కొత్త టైరు తప్ప వేరే దారి మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. దున్నిన నల్లరేగడిలో నున్నటి ట్రక్కు టైరు దొర్లకుండా ఈడ్చుకుపోతుంది, చక్రం ఆగితే చిమ్మడమూ ఆగుతుంది. సైజు మారినా నష్టమే. 31 అంగుళాల ఎత్తున్న చక్రం స్థానంలో 35 అంగుళాలది వేస్తే, అదే దూరానికి అది తిరిగే చుట్లు 11 శాతం దాకా తగ్గుతాయి. ఎకరాకు 10 టన్నులు పడేలా అమర్చుకున్న యంత్రం 9 టన్నులైనా చల్లదు. గ్రిప్పు దిశనూ గమనించాలి. ట్రాక్టరు టైరు మీది బాణం ఇంజిను తిప్పే చక్రం కోసం వేసినది. ఇక్కడ చక్రాన్ని తిప్పేది నేల కాబట్టి, అలాంటి టైరు వాడితే బాణం వెనక్కి ఉండేలా ఎక్కించాలి. ఈ మాట చెప్పకపోతే పంచర్ షాపులో అలవాటు ప్రకారం బాణాన్ని ముందుకే పెట్టేస్తారు.

కొత్తది తెప్పించాలంటే సైజు తెలియాలి. పక్కగోడను తడిగుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్కను పడుకోబెట్టి రుద్దితే అరిగిన అక్షరాలు తేలతాయి. 11ఎల్-15 అని ఉంటే 11 టైరు వెడల్పు, 15 రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలలో. అక్షరాలు పూర్తిగా చెరిగిపోతే రిమ్మును కొలవాలి. అయితే అంచు నుంచి అంచుకు కొలిస్తే అంగుళం పైనే ఎక్కువ వస్తుంది, టైరు కూర్చునే గాడి దగ్గర కొలిస్తేనే అసలు కొలత. 15కీ 15.3కీ, 16కీ 16.1కీ తేడా అతి స్వల్పమని సర్దుకుపోవడం ప్రాణం మీదికి తెస్తుంది, ఎందుకంటే సరిగ్గా కూర్చోని టైరు గాలి కొట్టేటప్పుడే పేలవచ్చు. బీకేటీ వంటి మన దేశపు కంపెనీలే ఈ సైజులు తయారుచేసి ఎక్కువగా విదేశాలకు పంపుతున్నాయి కనుక, దుకాణంలో సిద్ధంగా లేకున్నా డీలరు ద్వారా ఆర్డరు పెట్టించడం సాధ్యమే.

పీటీవో యంత్రానికైతే అంత ఎదురుచూడటం అనవసరం. ట్రాక్టరు ట్రక్కులకు వేసే 9.00-16 టైర్లు విజయవాడ, గుంటూరు రెండుచోట్లా దొరుకుతాయి, పంచరైతే ఊళ్లోనే బాగవుతుంది. నేనైతే ఇదే ఎంచుకుంటాను. యంత్రం బరువు టన్ను, ఎరువు మూడు టన్నులు అనుకుంటే, కొంత భారం ట్రాక్టరు హుక్కు మీద పడినా ఒక్కో టైరు 1,800 కిలోలకు తగ్గకుండా మోయగలగాలి. టైరు మీద 128 ఏ8 అని ఉంటే గంటకు 40 కిలోమీటర్ల వేగం వరకు అంత బరువు మోస్తుందని అర్థం.

డిస్కులు మార్పించడానికి, వాహనాల రిపేరు షెడ్లుండే ఆటోనగర్‌కు వెళ్లేటప్పుడు పాత డిస్కును వెంట తీసుకువెళ్లాలి. బోల్టు రంధ్రాలు ఆరుంటే ఎదురెదురు రంధ్రాల మధ్యబిందువుల దూరమే వాటి వలయం వ్యాసం. అయిదుంటే పక్కపక్క రంధ్రాల మధ్య దూరాన్ని 1.7తో హెచ్చించాలి. హబ్బు మీద కూర్చునే నడిమి రంధ్రం కూడా సరిపోవాలి. వెల్డింగ్ చేయించి కొత్త రిమ్ముకు పాత మధ్యభాగం అతికిస్తే, హబ్బుకు బిగించి, అంచు దగ్గర సుద్దముక్క కదలకుండా పట్టుకుని తిప్పి చూడాలి. గీత చుట్టూ ఒకేలా పడకుండా ఒకవైపే పడితే ఆ డిస్కు వంకర తిరుగుతున్నట్టే, దాన్ని తీసుకోకూడదు. టైరు ఎక్కించి ఉన్న రిమ్మును ఎట్టి పరిస్థితిలోనూ వెల్డింగ్ చేయనివ్వకూడదు. లోపలి గాలి వేడెక్కి టైరు బాంబులా పేలిన ప్రమాదాలు ఉన్నాయి.

పాత ట్రాక్టరు ముందు టైర్లు చౌకే కానీ, అవి మోయగల బరువు తక్కువ, జత కలిసేవి దొరకడమూ అరుదు. రీబటన్ ఈ పనికి దండగ. అది అరిగిన గ్రిప్పుకు చేసే వైద్యం, ఇక్కడ పాడయింది పక్కగోడ.

ఏ దారి ఎంచుకున్నా రెండు టైర్లూ ఒకే సైజు, ఒకే తయారీ కాలం ఉండేలా తీసుకోవాలి. టైరు పక్కగోడ మీద ఉండే తయారీ కోడులో చివరి నాలుగంకెలు 2319 అయితే అది 2019లో 23వ వారం తయారైనదని అర్థం. ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్న టైరును కొత్తదన్న పేరుతో పూర్తి ధరకు కొనకండి. బిగించాక, పని లేని నెలల్లో ఇరుసు కింద దిమ్మలు పెట్టి చక్రాలను నేలకు తగలకుండా లేపి, గోనెపట్టాలు కప్పి ఉంచండి.