బావి నీళ్లకు ఓజోన్ మెషిన్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మా బావి నీళ్లలో కోలిఫాం బ్యాక్టీరియా ఉందని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. "ఓజోన్ పెట్టించుకోండి, ఇక టెన్షన్ ఉండదు" అని ఒక డీలరు చెబితే, క్రిములను చంపే ఆ ఓజోన్ గ్యాస్‌ను తయారుచేసే మెషిన్ పెట్టించాం. ట్యాంకులోకి ఒక సన్నని గొట్టం, దాని చివర బుడగలు వచ్చే రాయి, అంతే. నీళ్లు తేటగా కనిపించాయి, ఘాటు వాసన కూడా వచ్చింది. మళ్లీ టెస్ట్ చేయిస్తే ఈ.కోలి (మలం కలిసిందని చూపే ఒక రకం కోలిఫాం) ఇంకా ఉంది. తాగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకు అది ఒక్కటి కూడా ఉండకూడదు. అడిగితే లోపం మీ బావిదే అన్నారు. వారంటీ మెషిన్ పనిచేయడానికే తప్ప నీళ్లు శుభ్రం కావడానికి కాదట!

ఓజోన్‌ను తప్పుపట్టడం లేదు. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 1906 నుంచే తాగునీటికి దాన్ని వాడారు. క్లోరిన్‌కు లొంగని, విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే క్రిమిని కూడా అది చంపగలదు. కానీ నీళ్లలో ఎంత ఓజోన్ కరిగింది, ఎంతసేపు నిలిచింది అన్నదే అసలు విషయం. లీటరుకు 0.4 మిల్లీగ్రాములు, 4 నిమిషాలు అనేది ఈ రంగంలో చాలాకాలంగా వాడే లెక్క. మెషిన్ మీద రాసే "గంటకు ఇన్ని మిల్లీగ్రాములు" తయారయ్యే గ్యాస్ సంగతి మాత్రమే. పెద్ద బుడగలైతే అందులో చాలా భాగం కరగకుండానే పైకి పోతుంది. మెషిన్ లాక్కునే గాలిలో తేమ ఉంటే తయారీ కూడా తగ్గుతుంది. మాకు వచ్చిన ఆ ఘాటు వాసన గదిలోకి తప్పించుకున్న ఓజోనే. అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం.

ఫ్లోరైడ్, నైట్రేట్ పోతాయని, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) తగ్గుతుందని కూడా చెప్పారు. ఇది పచ్చి అబద్ధం, ఓజోన్ వీటిని తీసేయదు. ఇనుము ఉంటే తుప్పురంగు మడ్డిగా మారుస్తుంది, దాన్ని పట్టడానికి తర్వాత ఫిల్టర్ ఉండాలి. పైగా ఓజోన్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, మామూలు ఉష్ణోగ్రతలో అరగంట లోపే సగం విడిపోతుంది. శుద్ధి చేసిన నీళ్లు మురికి ట్యాంకులో పడితే క్రిములు మళ్లీ చేరతాయి. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి కొనేముందు గట్టిగా అడగండి: నీళ్లలో కరిగిన ఓజోన్‌ను కొలిచి చూపిస్తారా? ఓజోన్ కలిసిన నీళ్లు కాసేపు నిలిచే ట్యాంకు వేరుగా ఉందా? మిగిలిన గ్యాస్‌ను ఏం చేస్తారు? బిగించాక ల్యాబ్ రిపోర్టు బాగా వస్తేనే మిగతా డబ్బు ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. శాంపిల్ మీరే ల్యాబ్‌కు పంపండి, డీలరు చేతికి ఇవ్వకండి. నీళ్లలో బ్రోమైడ్ అనే లవణం ఎంతుందో కూడా పరీక్ష చేయించండి, ఓజోన్ తగిలితే అది హానికరమైన బ్రోమేట్‌గా మారుతుంది. తాగే నీళ్లలో బ్రోమేట్ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములే.

రిపోర్టు వచ్చేదాకా నీళ్లు తెర్లేలా కాచి తాగండి. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లను మాత్రం కాచి పసిపిల్లలకు పట్టకండి. మరిగేకొద్దీ నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది, వాళ్లకు వేరే నీళ్లు తెప్పించండి.