"ఇంతకంటే పెరగదన్నా" అని తాబేలు పిల్లల్ని అంటగడుతున్నారు, జాగ్రత్త

ఐదు నెలల కింద మా పాప పుట్టినరోజుకని హైదరాబాద్‌లో ఒక అక్వేరియం షాపులో రెండు తాబేలు పిల్లల్ని కొన్నాను. చెవుల దగ్గర ఎర్ర చార, అరచేతిలో ఇమిడిపోయేంత. జత 900. మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టున్న గాజు గిన్నె, ఎండు రొయ్యల డబ్బా కలిపి ఇంకో 400. "ఇవి ఇంతకంటే పెరగవన్నా, వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు" అన్నాడు. నమ్మేశాను. ఫోన్‌లో ఐదు నిమిషాలు వెతకని తప్పు నాది కూడా.

కొన్నాళ్లకు రెండూ పొద్దస్తమానం గిన్నె గోడను గోళ్లతో గీకడం మొదలుపెట్టాయి. ఆడుకుంటున్నాయని పాప మురిసిపోయేది. తర్వాత ఒకదానికి కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి. తిండి మానేసింది. డిప్ప అంచు వేలితో నొక్కితే నానిన అట్టలా లోపలికి పోయింది. మా చుట్టుపక్కల అందరూ కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టర్లే. తాబేళ్లు తెలిసినాయన దొరికేసరికి పది రోజులు పట్టింది. అది బతకలేదు.

ఇవి రెడ్ ఇయర్డ్ స్లైడర్లు, సొంతూరు అమెరికాలో మిసిసిపీ నది వైపు. ఆడదైతే డిప్పే 25 నుంచి 30 సెంటీమీటర్లు పెరుగుతుంది, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతుకుతుంది. ఎండలోని యూవీబీ కిరణాలు తగలకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు, డిప్ప మెత్తబడుతుంది. "కిటికీ పక్కనే పెట్టాం కదా సార్" అని ఆ డాక్టరుతో అన్నాను. అద్దంలోంచి ఆ కిరణాలు రావట. ఎప్పుడూ ఎండు రొయ్యలే పెడితే విటమిన్ ఎ తగ్గి కళ్లు వాస్తాయని కూడా అప్పుడే తెలిసింది. ఆ గీకుడు ఆట కాదు, బయటపడాలన్న తపన.

మిగిలినదాన్ని ఇప్పుడు బాల్కనీలో 200 లీటర్ల టబ్బులో పెట్టాం. సగం నీడ, సగం ఎండ, ఫిల్టరు, ఎక్కి ఆరడానికి ఇటుకలు, పైన తేలే అంతరతామర, కాల్షియం కోసం పిట్టల షాపులో దొరికే కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి గట్టి పెంకు) ముక్క. వానపాము వేస్తే ఆకుల కింద వెతుక్కుంటూ తిరుగుతుంది. పొద్దున ఎండకు ఇటుకెక్కి, వెనక కాళ్లు రెండూ బార్లా చాపి, వేళ్లు విప్పుకుని పడుకుంటుంది. ఆ గిన్నెలో ఒక్కరోజు కూడా అలా చూడలేదు. వైద్యంతో కలిపి ఖర్చు పన్నెండు వేలు దాటింది.

అడగడానికి వెళ్తే షాపువాడు "పెద్దదైతే చెరువుల వదిలెయ్యన్నా" అన్నాడు. అస్సలు ఆ పని చెయ్యకండి, మన చెరువుల్లోని తాబేళ్ల తిండికి, చోటుకు ఇవి ఎసరు పెడతాయి. పైగా "నక్షత్ర తాబేలు ఉంది, ఇంట్లో ఉంటే కలిసొస్తది" అని గొంతు తగ్గించి చెప్పాడు. అది 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ (అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా) జీవి. దాంతో పట్టుబడితే మూడేళ్లకు తగ్గని జైలు, ఇక కలిసొచ్చేదేంటో ఆయనకే తెలియాలి.

గిన్నె పారెయ్యలేదు. పాప అందులో పెన్సిళ్లు పెట్టుకుంటోంది.