సంతకం లేని అప్రైజల్ రివ్యూ: చవకే, కానీ ఎవరికి?

అమెరికాలో ఇంటి లోనుకి అప్రైజల్ రిపోర్టు (అప్రైజర్ ఇంటికి విలువ కట్టి ఇచ్చేది) వచ్చాక, దాన్ని మరో కంటితో చూడటానికి లెండర్లూ, వారి తరఫున అప్రైజల్ ఆర్డరిచ్చే అప్రైజల్ మేనేజ్‌మెంట్ కంపెనీలూ కొనే సేవ ఇది. ఇల్లు చూడకుండా బల్ల దగ్గరే చేసే ఈ పనిని డెస్క్ రివ్యూ అంటారు. అప్రైజర్‌కి చేరేది మాత్రం చాలాసార్లు "రివ్యూ డిపార్ట్‌మెంట్" పేరిట వచ్చే నాలుగైదు ప్రశ్నలే. రాసినవారి పేరుండదు, లైసెన్సు నంబరుండదు, ఆ ఊరి మార్కెట్ వాళ్లకి తెలుసో లేదో తేల్చుకునే దారీ ఉండదు. వెళ్లి ఇంటిని చూసి చేసే ఫీల్డ్ రివ్యూ కంటే చవక, త్వరగా వస్తుంది. మెచ్చుకోవడానికి ఆ రెండే ఉన్నాయి.

రిపోర్టులో పేజీలన్నీ ఉన్నాయా, ఫోటోలు పెట్టారా, అడ్రసు కాంట్రాక్టుతో సరిపోయిందా అని చూడటం గుమాస్తా పని. దానికి పేరు లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. "ఈ కంప్ (పోలికకు తీసుకున్న అమ్మకం) తీసుకోకూడదు", "ఈ అడ్జస్ట్‌మెంట్‌కి (ఇళ్ల తేడాకి ధరలో చేసిన సవరణకి) ఆధారం లేదు" అని రాస్తే అది మరొకరి పని నాణ్యత మీద తీర్పు. లైసెన్సున్న అప్రైజర్ ఆ తీర్పు ఇస్తే యూస్‌పాప్ (అమెరికా అప్రైజర్ల వృత్తి ప్రమాణాలు) 3, 4 ప్రమాణాల కిందికి వస్తారు, రివ్యూ రిపోర్టులో సంతకంతో సర్టిఫికేషన్ ఇవ్వాలి. ఆ ఆస్తిలో తనకు ప్రయోజనం లేదని, తన ఫీజుకీ తేలే ఫలితానికీ ముడి లేదని, ఇంటిని స్వయంగా చూశానో లేదో, గత మూడేళ్లలో ఆ ఆస్తి మీద ఏదైనా సేవ చేశానో లేదో అందులో చెప్పాలి. వర్క్‌ఫైల్ (ఆ పనికి సంబంధించిన ఆధారాల ఫైలు) కనీసం ఐదేళ్లు దాచాలి. సంతకం లేని ప్రశ్నల చీటీలో ఇవేవీ ఉండవు. అంటే లెండర్ చెల్లించేది రివ్యూ ధర, అందేది గుమాస్తా తనిఖీ.

తమాషా ఏమిటంటే, యూస్‌పాప్ దాచనిచ్చేది అవతలి వైపు పేరుని. మొదటి రిపోర్టు రాసిన అప్రైజర్ ఎవరో రివ్యూయర్‌కి తెలియకుండా, రివ్యూ కొన్న క్లయింట్ ఆపవచ్చు. ఇది మంచి ఏర్పాటు: పాత స్నేహమో, అదే ఊళ్లో పోటీయో కలం మీద పడదు. ఈ సేవల్లో చాలావరకు దాన్ని తలకిందులు చేశాయి. రివ్యూయర్‌కి అప్రైజర్ పేరు, లైసెన్సు అన్నీ కనిపిస్తాయి, అప్రైజర్‌కి మాత్రం ఎవరూ కనిపించరు.

రివ్యూయర్‌కి రక్షణ అక్కర్లేదని కాదు. కోపంతో ఫోన్లు వస్తాయి, లోను ఆఫీసర్ల ఒత్తిడీ ఉంటుంది. అయితే దానికి మందు, పేరుని అప్రైజర్‌కి పంపే కాపీలో మాత్రమే తీసేయడం. క్లయింట్ ఫైల్లో సంతకం ఉండాల్సిందే. రేపు ఆ లోను చెడి, లెండర్ దగ్గర దాన్ని కొన్న ఇన్వెస్టర్ తిరిగి కొనమని లెండర్‌ని నిలదీస్తే "రివ్యూ డిపార్ట్‌మెంట్" వచ్చి సాక్ష్యం చెప్పదు.

పేరు లేనిచోట ప్రశ్న నాణ్యత ఎలా జారుతుందో చూడండి. నేల పైన 1,800 చదరపు అడుగులు, కింద ఫినిష్ చేసిన బేస్‌మెంట్ 600 ఉన్న ఇల్లు. కౌంటీ రికార్డులో 2,400 అని ఉంటుంది. "విస్తీర్ణం తప్పు, సరిచేయండి" అని ప్రశ్న వస్తుంది. లెండర్ల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ ఫ్యానీ మే 2022 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసిన ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) కొలత పద్ధతిలో నేల మట్టానికి దిగువనున్న భాగం, ఎంత బాగా ఫినిష్ చేసినా, లివింగ్ ఏరియాలో కలవదు, వేరే గడిలో చూపాలి. రిపోర్టులోని ఇంటి కొలతల స్కెచ్ తెరిచి చూసినవాళ్లు ఈ ప్రశ్న వేయరు. తన పేరుతో వెళ్లే కాగితమైతే తప్పకుండా తెరిచి చూసేవారు.

ఇంకా పెద్ద తప్పు తేదీలది. అప్రైజల్ వర్తించే తేదీ తర్వాత రిజిస్టరైన అమ్మకాన్ని చూపించి "ఇదెందుకు వదిలేశారు?" అంటారు. అప్పటికి మామూలుగా దొరకని సమాచారాన్ని రివ్యూయర్ తన సొంత విలువ కట్టడానికి వాడవచ్చు గానీ, మొదటి పని నాణ్యతను తూచడానికి వాడకూడదు. ఈ గీత యూస్‌పాప్‌లోనే ఉంది. ఇక సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అమ్మకాల జాబితాని యథాతథంగా అతికించి ఒక్కోదానికీ సంజాయిషీ అడగడం శుద్ధ బద్ధకం. అప్రైజల్ రిపోర్టులని తనిఖీ చేసే ఫ్యానీ మే సాఫ్ట్‌వేర్ కొలాటరల్ అండర్‌రైటర్ 1 నుంచి 5 వరకు ఇచ్చే స్కోరు రిస్కుకి గుర్తు మాత్రమే, 5 వచ్చినంత మాత్రాన రిపోర్టు తప్పని కాదు.

దీనికంటే ఫ్యానీ మే ఫారం 2000 మీద చేసే ఫీల్డ్ రివ్యూ ఖరీదైనా నయం. రివ్యూయర్ ఇంటిని కనీసం బయట నుంచి చూడాలి. మొదటి భాగంలోని ప్రశ్నలన్నిటికీ జవాబివ్వాలి. విలువతో ఏకీభవించకపోతే రెండో భాగంలో కంప్‌లతో సహా తన విలువ కట్టి చూపాలి. కింద సంతకం పెట్టాలి. కాదన్నవాళ్లు లెక్క కూడా చెప్పాలన్నమాట.

డెస్క్ రివ్యూయే కొనక తప్పకపోతే ఆర్డరులోనే షరతులు రాయండి: ఆ రాష్ట్రంలో లైసెన్సు, ఆ కౌంటీలో పని అనుభవం, సంతకంతో సర్టిఫికేషన్, ప్రతి అభ్యంతరానికీ పేజీ నంబరూ ఆధారమూ. సొంత విలువ ఇవ్వాలా వద్దా అన్నదీ ముందే తేల్చండి. ఇస్తే అది మరో అప్రైజలే, ఇల్లు చూడకుండా ఇస్తున్నప్పుడు ఏయే ఊహల మీద నిలబడిందో అందులో రాసి ఉండాలి.

ప్రశ్నలు అందుకునే అప్రైజర్లు జవాబు ఫోన్లో ఇవ్వకండి. క్లయింట్‌కో, వారి తరఫున ఆర్డరిచ్చిన కంపెనీకో మాత్రమే రాతపూర్వకంగా పంపి, ప్రశ్నతో సహా వర్క్‌ఫైల్లో పెట్టండి. ప్రశ్న సరైనదైతే రిపోర్టు మార్చి, ఏం మార్చారో రాసి, కొత్త సంతకం తేదీ వేయండి. విలువ వర్తించే తేదీని మాత్రం కదపకండి.