జియోథర్మల్ పెట్టిస్తున్నారా? బోరు ఎన్ని అడుగులు దిగిందో దగ్గరుండి చూసుకోండి

పెన్సిల్వేనియా, న్యూజెర్సీ వైపు ప్రొపేన్, ఆయిల్ బిల్లులు భరించలేక జియోథర్మల్ హీట్ పంప్ (బోర్లు వేసి నేల లోపలి వేడితో ఇంటిని వెచ్చబెట్టే మెషిన్) కొటేషన్లు తీసుకుంటున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, కంప్లైంట్ ఇంకా నడుస్తోంది. మెషిన్‌ని తప్పు పట్టడం కూడా లేదు. సరిగ్గా పెడితే ఇంతకన్నా మంచి సిస్టమ్ లేదనే ఇప్పటికీ అంటాను. మోసం జరిగింది మట్టి కింద.

మాది ఫిలడెల్ఫియాకి పడమర వైపు 2,800 చదరపు అడుగుల ఇల్లు. 2024 అక్టోబర్‌లో ప్రొపేన్ ఫర్నేస్ తీసేసి 4 టన్నుల జియోథర్మల్ పెట్టించాం. కాంట్రాక్టులో 300 అడుగుల బోర్లు రెండు అని స్పష్టంగా ఉంది. రిగ్ వచ్చింది, వెనక లాన్ మొత్తం బురదయింది, పైపులు దింపారు, గ్రౌట్ (బోరులో పైపు చుట్టూ ఖాళీ నింపే ముద్ద) పోశారు, మట్టి కప్పేసి వెళ్ళిపోయారు. నవంబర్ అంతా బ్రహ్మాండంగా నడిచింది. జనవరి కరెంటు బిల్లు 700 డాలర్లు దాటింది. ఫోన్ చేస్తే "మొదటి చలికాలం కదండీ, భూమి సెట్ అవ్వాలి" అన్నారు. ఇలా ఎవరైనా చెబితే నమ్మకండి. చలికాలం సాగేకొద్దీ లూప్ (అంటే బోర్లలో దింపిన పైపులు) చుట్టూ నేల ఇంకా చల్లబడుతుందే తప్ప దానంతటది మెరుగవదు.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తేనే ఎక్కడ కొట్టేస్తారో అర్థమవుతుంది. మా ప్రాంతంలో బాగా లోతుకి వెళ్తే ఏడాది పొడుగునా నేల 50 డిగ్రీల ఫారన్‌హీట్ పైచిలుకే ఉంటుంది. బోర్లలో దింపిన పైపుల్లో నీళ్ళు, యాంటీఫ్రీజ్ తిరుగుతూ ఆ వేడిని పైకి తెస్తాయి. కంప్రెసర్ ఆ వేడిని పెంచి ఇంట్లోకి పంపుతుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చయితే మూడు, నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. మనం అంత డబ్బు పోసేది ఈ లెక్క కోసమే. బోరు లోతు తగ్గితే పైపు చుట్టూ ఉన్న కొంచెం నేల నుంచే మొత్తం వేడి లాగాలి. అది త్వరగా చల్లబడిపోతుంది, వెనక్కి వచ్చే నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా వస్తాయి, మెషిన్ చేతులెత్తేస్తుంది.

అయినా ఇల్లు చల్లబడదు. అదే అసలు చిక్కు. లోపల ఆక్స్ హీట్ అని మామూలు కరెంటు హీటర్ కాయిల్స్ ఉంటాయి, వెంటనే అవి అందుకుంటాయి. పిల్లలు హాయిగా నిద్రపోతుంటారు, థర్మోస్టాట్ 70 చూపిస్తుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. 10 కిలోవాట్ల కాయిల్ రోజంతా వెలిగితే 240 యూనిట్లు. యూనిట్ 18 సెంట్లు వేసుకున్నా ఒక్క రోజుకి 43 డాలర్లు. బాగా చలి ఉన్న రాత్రుల్లో కాసేపు ఆక్స్ నడవడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. బయట 35, 40 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న రోజుల్లో కూడా నడుస్తుంటే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే. థర్మోస్టాట్ యాప్‌లో ఆక్స్ ఎన్ని గంటలు నడిచిందో చాలావరకు కనిపిస్తుంది, ఇవాళే చూసుకోండి.

మా సంగతి బయటపడింది ఫిబ్రవరిలో, అదీ ఆ కంపెనీ కక్కుర్తి వల్లే. వాళ్ళు బోర్ల పని వేరే డ్రిల్లర్‌కి ఇచ్చారు, అతనికి డబ్బు ఎగ్గొట్టారు. మేము కంపెనీకి మొత్తం కట్టేశాం. అయినా డ్రిల్లర్ లాయర్ దగ్గర్నుంచి మా ఇంటి మీద లీన్ (బాకీ రాబట్టుకోవడానికి ఇంటి మీద పెట్టే హక్కు) వేస్తామని నోటీసు వచ్చింది. దానికి జత చేసిన బిల్లు చదువుతుంటే కళ్ళు తిరిగాయి. 200 అడుగుల చొప్పున రెండు బోర్లు, మొత్తం 400. మనకి రాసిచ్చింది 600. సాధారణంగా నిలువు బోర్లకి టన్నుకి 150 నుంచి 200 అడుగులు చూస్తారు. అంటే 4 టన్నులకి 600 అనేదే కనీసం, అందులోంచి మూడో వంతు మింగేశారు. ఇంకో కంపెనీ టెక్నీషియన్‌ని పిలిపించి కొలిపిస్తే లూప్ నుంచి వచ్చే నీళ్ళు 26 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నాయి. డిజైన్ షీట్‌లో 35 కన్నా తగ్గవని రాసి ఉంది.

నిలదీస్తే రాయి గట్టిగా తగిలింది, అందుకే ఆపేశాం అన్నారు. రాయి తగిలితే ఇంకో చోట మూడో బోరు వేయాలి, లేదా డబ్బు తగ్గించాలి. రెండూ చేయలేదు. మొత్తం పనికి ఒకే రేటు మాట్లాడితే తవ్వని ప్రతి అడుగూ వాళ్ళకి లాభమే. అందుకని బోరు రేటు అడుగుకింత అని విడిగా రాయించండి.

మన ఊళ్ళో బోరు వేయిస్తే రైతు రిగ్ పక్కనే కూర్చుని ఎన్ని రాడ్లు దిగాయో లెక్కపెట్టుకుంటాడు. ఇక్కడా అదే చేయండి, ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టండి. చాలా పైపుల మీద అడుగుల అంకెలు అచ్చు వేసి ఉంటాయి. పైపు దిగి మళ్ళీ పైకి వస్తుంది కాబట్టి రెండు కొసల అంకెల తేడాలో సగం బోరు లోతు. మట్టి కప్పకముందే ఆ అంకెలు కనిపించేలా ఫోటో తీసుకోండి. ప్రెజర్ టెస్ట్ చేస్తున్నప్పుడు గేజ్ ఫోటో కూడా. డ్రిల్లింగ్ లాగ్ (ఎంత లోతు తవ్వారో రాసుకునే రికార్డు) కాపీ ఇవ్వనిదే ఆ విడత డబ్బు ఇవ్వొద్దు.

దీనికన్నా ముందు అడగాల్సింది మాన్యువల్ జె లెక్క. ఇంటి గోడలు, కిటికీలు, ఇన్సులేషన్ అన్నీ చూసి ఎన్ని టన్నులు కావాలో తేల్చే లెక్క అది. పాత ఫర్నేస్ మీద స్టిక్కర్ చూసి టన్నులు చెప్పేవాళ్ళని అక్కడే పంపించేయండి. చివరి విడత పట్టుకుని, లూప్ నీళ్ళ టెంపరేచర్, ఫ్లో (టన్నుకి నిమిషానికి సుమారు 3 గ్యాలన్లు) కొలిచి సంతకం పెట్టిన కాగితం చేతికొచ్చాకే ఇవ్వండి.

పెన్సిల్వేనియాలో ఇంటి పనుల కాంట్రాక్టర్ స్టేట్ అటార్నీ జనరల్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఆ నంబర్ కాంట్రాక్టు మీద ఉండాలి. ఇలాంటి పెద్ద పనులకి అడ్వాన్స్ మూడో వంతు మించకూడదు, ప్రత్యేకంగా ఆర్డర్ చేసిన సామాను ఖర్చు దానికి అదనం. మమ్మల్ని సగం అడిగారు, చట్టం చూపిస్తే దిగొచ్చారు. లీన్ విషయంలో ఇక్కడ 2014లో వచ్చిన సవరణ మమ్మల్ని కాపాడింది. సొంతంగా ఉండే ఇంటికి మెయిన్ కాంట్రాక్టర్‌కి పూర్తిగా కట్టినట్టు రుజువుంటే సబ్‌కాంట్రాక్టర్ లీన్ నిలబడదు. చెక్కుల కాపీలు చూపించాక డ్రిల్లర్ వెనక్కి తగ్గాడు. పాపం, అతని తప్పేమీ లేదు. వేరే స్టేట్లలో రూల్స్ వేరు, అందుకే ప్రతి చెల్లింపుకీ డ్రిల్లర్ సంతకంతో లీన్ వేవర్ (లీన్ హక్కు వదులుకుంటున్నట్టు కాగితం) తీసుకోండి.

ఇక ట్యాక్స్ క్రెడిట్. "30 శాతం గవర్నమెంట్ వెనక్కిస్తుంది" అని ఇప్పటికీ ఎవరైనా కొటేషన్‌లో కలిపి తక్కువ ధర చూపిస్తే లేచి తలుపు చూపించండి. సొంత ఇంటి మీద మనం క్లెయిమ్ చేసుకునే ఆ ఫెడరల్ క్రెడిట్, 2025 జులై 4న సంతకమైన చట్టంతో, 2025 డిసెంబర్ 31 తర్వాత పూర్తయిన పనులకి లేదు. ఉన్నప్పుడు కూడా అది చెక్కు రూపంలో వచ్చేది కాదు, మనం కట్టాల్సిన ట్యాక్స్‌లోంచి తగ్గేది.

వాట్సాప్ గ్రూపుల్లో "మా ఇంట్లో పెట్టించాం, సూపర్" అని చెప్పేవాళ్ళని రిఫరల్ బోనస్ ఎంతో అడగండి. మొహమాటం వద్దు. మాకు చెప్పినాయనకి 500 డాలర్లు ముట్టాయని తర్వాత తెలిసింది.

హైదరాబాద్‌లో విల్లా కట్టుకుంటున్న మా తమ్ముడు అక్కడా పెట్టించుకోవచ్చా అని అడిగాడు, వద్దన్నాను. అక్కడ నేలే 27 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంటుంది, పైగా ఏడాదంతా ఇంట్లోని వేడిని నేలలోకి తోయడమే తప్ప చలికాలంలో వెనక్కి తీసుకునేది ఉండదు. ఏటేటా నేల వేడెక్కుతూ పోతుంది. మంచి ఇన్వర్టర్ ఏసీలు చాలు.

మా కేసు ప్రస్తుతం అటార్నీ జనరల్ ఆఫీసు కన్స్యూమర్ విభాగంలో ఉంది. సగం ఖర్చు మీరు పెట్టుకుంటే మూడో బోరు వేస్తామని కంపెనీ ఒక ఆఫర్ ఇచ్చింది, ఒప్పుకోలేదు. మా డిజైన్ షీట్, డ్రిల్లర్ బిల్లు, టెక్నీషియన్ రిపోర్టు పేర్లు చెరిపేసి పెట్టుకున్నాను. మీ కొటేషన్ పక్కన పెట్టి పోల్చుకోవాలంటే మెసేజ్ చేయండి, పంపిస్తాను.