పెన్సిల్వేనియా బొగ్గు రైలు సెట్: ఇంజిన్ అద్భుతం, కరెంటు దగ్గర జాగ్రత్త

మా అమ్మాయి పుట్టినరోజుకి సికింద్రాబాద్‌లో ఒక హాబీ షాపులో ఈ సెట్ తీసుకున్నాం. 1850ల నాటి అమెరికా పెన్సిల్వేనియా రాష్ట్రపు బొమ్మ ఆవిరి ఇంజిన్, నాలుగు బొగ్గు వాగన్లు, గుండ్రంగా వేసుకునే పట్టాలు, ఒక కంట్రోలర్. అసలు బండిలో 87వ వంతు సైజు. రేటు ఎక్కువే, కానీ ఇంజిన్ చేతిలోకి తీసుకుంటే అంత ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

దాన్ని తిరగేసి చూడండి. వెనక నాలుగు పెద్ద చక్రాలు, ముందు నాలుగు చిన్నవి, ఆ చిన్నవాటిని వేలితో నొక్కితే విడిగా అటూ ఇటూ తిరుగుతాయి. ఈ అమరికకి ఫిలడెల్ఫియా ఇంజినీరు హెన్రీ క్యాంప్‌బెల్ 1836లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో అక్కడ పట్టాలు తక్కువ ఖర్చులో, ఎగుడుదిగుడుగా, వంపులు తిప్పుతూ వేసేవాళ్లు కాబట్టి ముందు చక్రాలు దారి పట్టుకుంటేనే ఇంజిన్ పట్టాల మీద నిలిచేది. మేం కావాలనే ఒక జాయింట్ కింద అట్టముక్క పెట్టి నడిపాం. ఇంజిన్ దాటేసింది, వాగన్లే పడిపోయాయి!

సెట్‌తో వచ్చే చిన్న పుస్తకంలో హార్స్‌షూ కర్వ్ అనే రైలు మలుపు గురించి బాగా రాశారు. అల్లెఘనీ కొండలు దాటడానికి 1834 నుంచి బండ్లని ఏటవాలు పట్టాల మీద తాళ్లతో లాగేవారట, ఎక్కడానికి ఐదు వాలులు, దిగడానికి ఐదు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే రైలు కంపెనీ 1854లో అల్టూనా దగ్గర కొండని చుట్టి గుర్రపునాడాలా పట్టాలు తిప్పి ఆ అవస్థ తప్పించింది. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి మన సికింద్రాబాద్‌కి రైలు రావడానికి ఇంకా 20 ఏళ్లుంది అప్పటికి.

కానీ బొగ్గు వాగన్లు ఇచ్చి బొగ్గు ఊసే ఎత్తకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. 1842లో రీడింగ్ రైల్‌రోడ్ ఫిలడెల్ఫియా నుంచి పాట్స్‌విల్ దాకా పట్టాలు వేసింది గనుల బొగ్గు కోసమే కదా. ఆ బొగ్గుతో ఇనుము, ఇనుముతో మళ్లీ పట్టాలు. 1875లో అదే రాష్ట్రంలోని బ్రాడక్‌లో మొదలైన ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ మిల్లుకి పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అధ్యక్షుడు ఎడ్గర్ థామ్సన్ పేరే పెట్టారు. పిల్లలకి చెప్పాల్సిన అసలు కథ ఇది, ఒక్క పేజీ వేస్తే ఏం పోయేది?

ఇక కంట్రోలర్. అది అమెరికా 120 వోల్టులది. షాపువాళ్లు ఆ మాటే చెప్పకుండా ఒక ప్లగ్ కన్వర్టర్ చేతిలో పెట్టి పంపించారు, అది పిన్ను మారుస్తుంది గానీ వోల్టేజీని మార్చదు. అలాగే మన 230కి పెట్టి ఉంటే మాడిపోయేది. లేబుల్ చూసి కోఠి గుజరాతీ గల్లీలో వోల్టేజీని తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాక ఏ టెన్షన్ లేదు.

మన దుమ్ముకి పట్టాలు త్వరగా మసకబారి ఇంజిన్ ఆగి ఆగి పోతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. పట్టాల వంపు 18 అంగుళాల రేడియస్ కాబట్టి, పొడుగు ప్యాసింజర్ పెట్టెలు కలుపుదామనుకునేవాళ్లు ముందు ఇంకా విశాలంగా తిరిగే 22 అంగుళాల ముక్కలు దొరుకుతాయో లేదో అడిగి కొనండి.