‘ది లేడీ ఆఫ్ ది లేక్’: కావ్యానికి ఐదు స్టార్లు, ఈ ప్రింటుకి ఒకటే

1928లో బ్రిటన్‌లో వచ్చిన ఒక మూకీ ప్రేమకథా చిత్రానికి ఇది మూలం అని తెలిసి, స్కాట్లండ్ కవి వాల్టర్ స్కాట్ పుస్తకం అమలాపురానికి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. సినిమా తీసింది యాత్రా చిత్రాలతో పేరు తెచ్చుకున్న జేమ్స్ ఫిట్జ్‌పాట్రిక్, నటించింది పెర్సీ మార్మాంట్, బెనిటా హ్యూమ్.

కావ్యం 1810 నాటిది. ఆరు సర్గలు, ఒక్కోటి ఒక్కో రోజు కథ. లేడి వెంట పడి దారి తప్పిన వేటగాడు స్కాట్లండ్‌లోని కాట్రిన్ సరస్సు ఒడ్డున కొమ్ము ఊదితే, తండ్రే వచ్చాడనుకుని ఎలెన్ పడవ నడుపుకుంటూ వచ్చేస్తుంది. ఆమె ఉండేది నీళ్ల మధ్య చిన్న లంకలో. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి తిరిగేవాళ్లకి ఈ సీను ఇట్టే పట్టేస్తుంది. ఆ వేటగాడెవరో స్కాట్ చివరిదాకా దాచాడు కాబట్టి నేనూ చెప్పను.

నాకు ప్రాణం ఐదో సర్గ. ఆ వేటగాడికి దారి చూపిస్తూ వచ్చిన కొండమనిషి ఈల వేయగానే తుప్పల్లోంచి ఐదువందల మంది ఆయుధాలతో లేస్తారు, అప్పుడు చెబుతాడు తానే వాళ్ల నాయకుడు రోడెరిక్ అని, చెయ్యి ఊపగానే అందరూ మాయమైపోతారు. అంత బలగం ఉండి కూడా మాట ఇచ్చాడు కాబట్టి శత్రువుని క్షేమంగా రేవు దాకా తీసుకెళ్లి, డాలు పక్కన పడేసి ఒంటరిగా కత్తి దూస్తాడు. అతని ముందు ఎలెన్ ప్రేమించిన మాల్కమ్ తేలిపోయాడు, అది స్కాట్ లోపమే.

పాటలు ఇంకో ఎత్తు. షూబర్ట్ స్వరపరిచిన ‘ఆవే మరియా’ పాట ఇందులో ఎలెన్ చేసే ప్రార్థనే. మూకీలో ఆ గొంతు ఉండదు కదా అని బాధేసింది.

ఇంకో సంగతి, 1859 నుంచి గ్లాస్గో నగరం తాగేది ఈ కాట్రిన్ సరస్సు నీళ్లే. అందుకోసం నీటిమట్టం పెంచితే స్కాట్ వర్ణించిన తెల్లని ఇసుక ఒడ్డు చాలావరకు మునిగిపోయింది. పోలవరం ముంపు ఊళ్ల కబుర్లు రోజూ వినే మనకి అదెంత మాటో వేరే చెప్పాలా.

ఇక ప్రింటు. చీమ తలకాయంత అక్షరాలు, పాదాలు ఎక్కడ పడితే అక్కడ విరిగిపోయాయి, మూడో సర్గకే బైండింగ్ ఊడింది. స్కాట్ స్వయంగా రాసిన వివరణలు పూర్తిగా ఎత్తేశారు, అవి లేకపోతే మేక రక్తంలో ముంచిన శిలువని ఊరూరా ఎందుకు పరిగెత్తించారో సగమే అర్థమవుతుంది. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పుస్తకమే కావాలంటే మాత్రం వివరణలు ఉన్నాయో లేదో అమ్మేవాళ్లని అడిగి, అప్పుడే డబ్బులు కట్టండి.