హైదరాబాద్‌లో లైవ్ మ్యూజిక్ ఎక్కడ వినాలి? ఓ శ్రోత రివ్యూ

టికెట్ కొనేముందు అందరూ చూసేది పాడేది ఎవరు అని. నేను ఆ తర్వాత ఇంకో రెండు చూస్తాను, ఎక్కడ పాడుతున్నారు, సౌండ్ ఎవరు చేస్తున్నారు. రెండోది పోస్టర్ మీద వెయ్యరు కాబట్టి ఎక్కడన్నదాన్ని బట్టే ఊహించుకోవాలి. ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి కచేరీలు, కవ్వాలీలు, సినిమా పాటల షోలు పట్టుకు తిరిగాక నాకు తేలిందేంటంటే, ఒక ప్రోగ్రాం గుర్తుండిపోవడానికి పాడినవాళ్ళు సగం కారణమైతే మిగతా సగం ఆ చోటూ, ఆ మైకూ, ఆ మిక్సర్ ముందు కూర్చున్న మనిషీ. చప్పట్లు కొట్టేటప్పుడు ఆయన వైపు ఎవరూ తిరగరు, అది వేరే విషయం. కాబట్టి ఈ రివ్యూ గాయకుల గురించి కాదు, నేను విన్న చోట్ల గురించి. గాయకులు మధ్యలో వస్తుంటారు.

ముందు రవీంద్ర భారతి. టాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో కట్టిన హాలు, అంటే మన పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళు కాకముందు నుంచి ఉంది. నాకు ఇప్పటికీ ఇష్టమైన హాలు ఇదే, ముఖ్యంగా కర్ణాటక సంగీతానికి. మధ్య వరుసల్లో కూర్చుంటే వయొలిన్ కమాను తిప్పిన చప్పుడు కూడా తెలుస్తుంది, మృదంగం ఎడమవైపు గుంభనంగా మోగుతుంది తప్ప బేస్ పెంచేసిన డప్పులా ఉండదు. ఒకసారి ఓ పెద్ద విద్వాంసుడి కచేరీలో తని ఆవర్తనం, అంటే తాళవాద్యాల వంతు, మొదలవగానే సగం మంది అలవాటు ప్రకారం టీకి లేచారు, ఘటం ఆయన అది చూసి చిరునవ్వు నవ్వి వేలి కొసలతో మాత్రమే వాయించడం మొదలుపెట్టాడు, అంత సన్నగా వాయించేసరికి తలుపు దగ్గరికెళ్ళిన వాళ్ళు అక్కడే ఆగిపోయి నిలబడి విన్నారు. అలాంటిది గ్రౌండ్‌లో జరగదు, జరిగినా వినపడదు.

ఇక బాధ ఏంటంటే సన్మానాలు. ఆరింటికి అని కార్డు వేస్తారు, మనం లక్డీకాపూల్ మెట్రోలో దిగి ఉరుకులు పరుగుల మీద వెళ్తే, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, అందరికీ శాలువా, అందరికీ జ్ఞాపిక, అందరి చేతా నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలు ఎప్పుడూ నాలుగు కావు. పాడాల్సినావిడ పాపం పట్టుచీర కట్టుకుని శృతిపెట్టె పక్కన అలాగే కూర్చుని ఉంటుంది. చివరికి మిగిలిన టైములో ప్రధాన కీర్తనలో నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం) తగ్గించేసి, తుక్కడాలు, అంటే చివర్లో పాడే చిన్న పాటలు, రెండు పాడి మంగళం పాడేస్తారు. హాలుకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, నిర్వాహకులకి మాత్రం రెండే.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ సంగతి వేరు. ఇక్కడ చాలా ప్రోగ్రాములు ఉచితం, ఎక్కువగా పాత సినిమా పాటలు, ఫిబ్రవరి 11 ఘంటసాల వర్ధంతి, డిసెంబర్ 4 జయంతి చుట్టుపక్కల అయితే ఏదో ఒక సంస్థ ప్రోగ్రాం పెట్టే ఉంటుంది. పాడేవాళ్ళు బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసి రిటైర్ అయినవాళ్ళు చాలామంది. వినేవాళ్ళు మాత్రం పరమ కఠినం. రెండో చరణంలో ఒక గమకం తప్పిందనుకోండి, మూడో వరుసలోంచి "అబ్బే" అని వినిపిస్తుంది. నాకు ఈ చోటులో నచ్చేది అదే, పాట ప్రాణం పెట్టి తెలిసినవాళ్ళ మధ్య కూర్చుని వినడం. సౌండ్ సంగతి అడక్కండి, కీచుమని మైకు అరవని సాయంత్రం నాకు గుర్తు లేదు. ఇంకోటి, ఈ మధ్య ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద పాడటం బాగా ఎక్కువైంది, ఆర్కెస్ట్రా ఖర్చు భరించలేరు నిజమే, కానీ ఒక్క తబలా, ఒక్క కీబోర్డు ఉన్నా చాలు గాయకుడు కాస్త ఆగితే వాళ్ళూ ఆగుతారు, ట్రాక్ ఆగదు కదా, ఊపిరి అందక ఆ పెద్దాయన పల్లవి వదిలేసినా వెనక వయొలిన్లు వాటి మానాన అవి వెళ్ళిపోతుంటాయి. ట్రాక్ అని ముందే తెలిస్తే నేను వెళ్ళను.

ఇప్పుడు అసలు చోటు, చౌమహల్లా ప్యాలెస్. ఖిల్వత్ అనే దర్బారు హాలు ముందు ఆ పెద్ద ఆవరణలో, వెనక ఆ హాలు దీపాలతో వెలుగుతుంటే పాట వినడం ఒక్కసారైనా జరగాలి. లోపల 19 బెల్జియం షాండ్లియర్లున్నాయి, బయట కూర్చున్నా వాటి వెలుగు తోరణాల్లోంచి కనిపిస్తుంది. పండిట్ జస్‌రాజ్ గారిని నేను విన్నది ఇక్కడే, పండిత్ మోతీరామ్ పండిత్ మణిరామ్ సంగీత్ సమారోహ్‌లో. ఈ సమారోహ్ వెనక కథ తెలిస్తే పాట ఇంకోలా వినిపిస్తుంది. జస్‌రాజ్ తండ్రి మోతీరామ్ హిందుస్తానీ సంగీతంలో మేవాతీ ఘరానా (గురుపరంపర) గాయకుడు, 1934 నవంబర్ 30న, నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తన ఆస్థాన విద్వాంసుడిగా నియమించబోతున్న రోజునే ఇక్కడ హైదరాబాద్‌లో చనిపోయాడు. జస్‌రాజ్‌కి అప్పుడు నాలుగేళ్ళు. మోతీరామ్ సమాధి అంబర్‌పేటలో ఉంది. బడికి వెళ్ళే దారిలో ఓ హోటల్లో గజల్ గాయని బేగం అఖ్తర్ రికార్డు వినిపిస్తుంటే బడి మానేసి అక్కడే కూర్చునేవాణ్ణని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు, అదీ ఈ ఊళ్ళోనే. 1972 నుంచి తండ్రి పేరు మీద, పాట నేర్పిన అన్న మణిరామ్ పేరు మీద ప్రతి ఏడూ ఇక్కడికొచ్చి పాడారు, ఇంకా ఎందరినో రప్పించి పాడించారు. 2020 ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు.

నేను విన్నప్పటికే ఆయన బాగా పెద్దవారు. రెండు చేతులూ పైకెత్తి "జై హో" అన్నారు, జనం కూడా అన్నారు, ఆ తర్వాత స్వరమండల్ అనే తీగల వాయిద్యం ఒడిలో పెట్టుకుని ఎప్పట్లాగే "మంగళం భగవాన్ విష్ణుం" అని మొదలుపెట్టారు. నేను చెప్పదలుచుకుంది ఆ స్వరమండల్ గురించి. దాని నాదం చాలా సన్నం, వేలితో ఇలా మీటితే అలా ఆరిపోతుంది, మామూలుగా మన షోలలో అయితే తబలా కింద పడి నలిగిపోవాల్సిందే. ఆ రోజు మైకు పెట్టిన మనిషి ఎవరో గానీ పనితనం తెలిసినవాడు, చివరి వరుసల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాకు ఒక్కో తీగా విడిగా వినిపించింది, తాన్‌పురాలు గొంతుకి రెండు పక్కలా ఉన్నాయి, గొంతు వణికినచోట ఆ వణుకు కూడా దాచకుండా వినిపించింది. విలంబిత్‌లో, అంటే నెమ్మది నడకలో, ఆయన ఓ స్వరం దగ్గర నిలబడిపోయి పైకి వెళ్ళకుండా అక్కడక్కడే తిరుగుతుంటే నా పక్కన బేగంబజార్ నుంచి కుటుంబంతో వచ్చిన సేఠ్ గారు కళ్ళు మూసుకుని చెయ్యి తొడ మీద వేసుకుని ఏక్‌తాల్ అనే తాళం మాత్రలు లెక్కపెడుతున్నారు, వాళ్ళబ్బాయి మాత్రం ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు, అతన్నీ తప్పు పట్టను. నేను వెళ్ళినప్పుడు టికెట్ కూడా లేదు. ఎన్ని వేలు పెట్టి కొన్న టికెట్లకీ ఆ రాత్రి విన్నంత వినలేదు.

లోపాలు చెప్పకపోతే రివ్యూ కాదు కాబట్టి: పార్కింగ్ నరకం, చార్మినార్ వైపు సాయంత్రం కారులో వెళ్ళాలనుకునేవాళ్ళకి నా సానుభూతి. ఆటోలో వెళ్ళండి. బయటికొచ్చాక షాదాబ్‌లోనో ఇంకెక్కడైనానో తినొచ్చు, ఆ మేరకి పాతబస్తీ న్యాయం చేస్తుంది.

కవ్వాలీకి మాత్రం కుర్చీలున్న హాలు వద్దు. హైదరాబాద్‌కి సొంత కవ్వాలీ ఇల్లు ఉంది, వార్సీలు. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారికి 1971లో పద్మశ్రీ వచ్చింది, ఆయన మనవలు నజీర్, నసీర్ వార్సీ సోదరులకి సంగీత నాటక అకాడెమీ అవార్డు వచ్చింది. వాళ్ళని ఏసీ ఆడిటోరియంలోనూ విన్నాను, కింద జంపఖానా పరిచిన చోటా విన్నాను, అదే మనుషులు, అవే పాటలు, కానీ రెండోచోట ఓ షేర్‌కి (రెండు పాదాల పద్యానికి) ముందు వరుస పెద్దమనిషి "ముకర్రర్", అంటే మళ్ళీ, అనగానే అదే ముక్క ఏడెనిమిది రకాలుగా తిప్పి పాడారు, ఆడిటోరియంలో అలా అడిగేవాడు లేక పాట రికార్డులో ఉన్నట్టే మొదలై రికార్డులో ఉన్నట్టే అయిపోయింది. కవ్వాలీలో సగం వినేవాడి పని. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఉర్సు రోజుల్లో కూర్చుని చూడండి, సౌండ్ ముతకగానే ఉంటుంది, అయినా చప్పట్ల దరువు నేరుగా చేతుల నుంచి వస్తుంది, స్పీకర్ నుంచి కాదు.

తారామతి బారాదరి అందం సంగతి అందరికీ తెలుసు. ఇబ్రహీంబాగ్ గుట్ట మీద పన్నెండు ద్వారాల మంటపం, కింద ఆరుబయట గ్యాలరీ. తారామతి అనే గాయని ఇక్కడ పాడితే గాలివాటున గోల్కొండలో ఉన్న సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకి వినిపించేదని కథ. కథ ఎంత నిజమో గానీ గోల్కొండ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినిపించడం మాత్రం స్కూల్ పిల్లల దగ్గర్నుంచి అందరూ చేసి చూసిందే. అలాంటి ఊళ్ళో, అన్ని వాట్ల స్పీకర్లు పెట్టి కూడా, ఒక ఫ్యూజన్ షోలో పక్క గ్యాలరీలో ఉన్న నాకు ఫ్లూట్ వినపడలేదు. గాలి ఎటు ఉంటే పాట అటు పోతోంది. తారామతికి కలిసొచ్చిన గాలి మాకు కలిసిరాలేదు. మధ్య గ్యాలరీ దొరికితేనే వెళ్ళండి.

శిల్పకళా వేదిక రెండు వేల పైచిలుకు సీట్ల హాలు, హైటెక్ సిటీ మెట్రో దగ్గర, ఏసీ బాగుంటుంది, సినిమా పాటలకి సరే. అంతకుమించి చెప్పడానికి ఏం లేదు.

ఇప్పుడు పెద్ద గ్రౌండ్‌లు. ఈ రెండు మూడేళ్ళలో ఊరు మారిపోయింది, 2024 నవంబర్‌లో దిల్జీత్ దోసాంజ్, 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్, ఒకప్పుడు బెంగళూరు వెళ్ళాల్సినవి ఇక్కడికే వస్తున్నాయి. సంతోషమే. కానీ చిన్న లెక్క చెప్తాను. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజీకి వంద మీటర్ల వెనక ఉన్న చవక టికెట్ వాడికి పాట దాదాపు సెకనులో మూడోవంతు ఆలస్యంగా అందుతుంది, ఎల్‌ఈడీ తెర మీద పెదవి ముందు కదులుతుంది, మాట తర్వాత వస్తుంది, డబ్బింగ్ సినిమా చూస్తున్నట్టు. మధ్యలో డిలే టవర్లు, అంటే వెనకవాళ్ళ కోసం నిలబెట్టే అదనపు స్పీకర్ల స్తంభాలు, పెట్టి, వాటి టైమింగ్ కూడా సరిగ్గా కట్టితే వెనకవాళ్ళకి మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్ళు ముందు తీసేసేది వాటినే. శివార్లలో జరిగిన ఓ షోలో, పేరు చెప్పను, టవర్లు కరెక్ట్‌గా కట్టకపోవడంతో ప్రతి దరువూ రెండుసార్లు వినిపించింది, వెనక వేలమంది చప్పట్లు ఒక తాళంలో, ముందువాళ్ళవి ఇంకో తాళంలో, గాయకుడు "నాతో పాటు పాడండి" అని మైకు మా వైపు తిప్పాడు, ఎవరితో పాటు పాడాలో తెలియలేదు. పైగా లోపలికి నీళ్ళ బాటిల్ రానివ్వలేదు, లోపల అమ్మే నీళ్ళు తొమ్మిదింటికే అయిపోయాయి. ఆరుబయట మైకు రాత్రి పదింటికి ఆపాలని రూలుంది కాబట్టి, లేటుగా మొదలైన షోలో చివరి హిట్లు అన్నీ పాటకి ఒక పల్లవి చొప్పున కలిపి మెడ్లీ చేసి చుట్టేశారు. మేం వచ్చింది ఆ పాటల కోసమే.

గ్రౌండ్ అంటే అన్నీ ఇలాగే అని కాదు. 2023 ఫిబ్రవరిలో గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా గారు ఆర్కెస్ట్రా అంతా కూర్చోబెట్టి వాయించారు, ట్రాక్ ఊసు లేదు. వరుసగా వయొలిన్లు ఒకేసారి కమాను దించడం కళ్ళతో చూస్తుంటే, మనం ఇన్నేళ్ళూ క్యాసెట్లో "మ్యూజిక్ బిట్" అని వదిలేసింది ఎంతమంది చేతుల పనో అర్థమవుతుంది. ఆయన షోలలో ఎవరైనా తప్పు వాయిస్తే ఆపించి మళ్ళీ మొదలెట్టిస్తారని పేరు, కొందరికది విసుగు, నాకైతే అక్కడే టికెట్ డబ్బులు గిట్టుబాటు అవుతాయి.

జూబ్లీహిల్స్ పబ్బుల్లో బ్యాండ్లు బాగానే వాయిస్తాయి, పక్క టేబుల్ వాళ్ళ బర్త్‌డే కేకలు మీకు అడ్డం కాకపోతే.

చివరగా ఎక్కడికెళ్ళినా పనికొచ్చే మాట ఒకటి. సీట్ల ప్లాన్‌లో సౌండ్ మిక్సర్ ఎక్కడ పెట్టారో చూసి దాని ముందో పక్కనో ఉన్న సీటు తీసుకోండి. ఆ మనిషి తన చెవికి బాగుండేలానే సరిచేస్తాడు కాబట్టి అక్కడ బాగోకపోతే ఇంకెక్కడా బాగోదు. మొదటి వరుస వీఐపీ సీటు కంటే అది చాలాసార్లు చవక కూడా, పైగా మొదటి వరుసలో గాయకుడి మొహం, స్టేజీ మీద మానిటర్ స్పీకర్ వీపు కనిపిస్తాయి తప్ప స్పీకర్లు మన తల మీదుగా వెనక్కి పాడుతుంటాయి. చౌమహల్లాకి నవంబర్ చివర్లో వెళ్తే శాలువా, దోమల క్రీము రెండూ పెట్టుకోండి. రాత్రి పదకొండు దాటేలా ఉంటే మెట్రో మీద ఆశ పెట్టుకోకుండా ముందే ఆటో అతని నంబర్ తీసుకోండి.